నల్లులు పట్టిన పురిటి మంచం

పని పేరు

పలాస, టెక్కలి చుట్టుపక్కల ఊళ్ళలోనూ, ఉద్దానంలో సముద్రం ఒడ్డు దాకానూ, ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ నేను నల్లులు చంపాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే నన్ను పిలిచేవాళ్ళెవరూ వాకిట్లో నిలబడి ఈ మాట అనేవారు కాదు. "మంచం కాస్త వదులైంది, బిగించి పోదువుగాని రా" అనేవారు. నేను భుజానికి నులక చుట్ట తగిలించుకుని వెళ్ళేవాణ్ణి. వీధిలోవాళ్ళు చూసి, మంచాలల్లేవాడు వచ్చాడని అనుకోవాలన్నమాట. వీధిలోవాళ్ళకీ సంగతి తెలుసు, కిందటి నెల వాళ్ళ మంచాలు బిగించిందీ నేనే. అయినా అందరం ఆ మర్యాద పాటించాం.

ఇప్పుడు నా నడుం వంగదు. మంచం కింద వెల్లకిలా పడుకుని కోళ్ళ సందులు చూడలేనివాడు ఈ పనికి దండగ. అందుకని మానేశాను. మా వాళ్ళలో కుర్రాళ్ళు కొందరు ఈ పనిలోకి వస్తామంటున్నారు. రండి, వద్దనను. నీళ్ళు ఎంత మరగాలి, నులక ఎంత బిగి ఉండాలి అనేవి నేను రాయక్కర్లేదు. చేతులు కాలితే అవే వస్తాయి. చేతులు కాలినా రానివి కొన్ని ఉన్నాయి, వాటి కోసమే ఇది రాస్తున్నాను.

మా మావ

నాకు పని నేర్పింది మా మేనమామ గవరయ్య. మాట తక్కువ మనిషి. కోపం వస్తే ఆ ఉన్న మాట కూడా ఉండేది కాదు. నల్లిని చంపడం విద్య కాదనేవాడు. సలసల మరిగే నీళ్ళు ఎవడు పోసినా చస్తుంది. అది ఎక్కడినుంచి వచ్చిందో ఇంటివాళ్ళ చేత చెప్పించడమే విద్య, ఆ విద్య ఎవడికీ పూర్తిగా రాదు అనేవాడు.

పలాసలో రైలుస్టేషనుకి దగ్గరగా అప్పట్లో ఒక సత్రం ఉండేది. జగన్నాథం వెళ్ళే యాత్రికులు దిగేవారు. అక్కడి గుమాస్తా మమ్మల్ని పిలిపించి, ముందు అరగంట ఉపన్యాసం చెప్పాడు. సత్రం కడిగిన ముత్యంలా ఉంటుందట, ఈ దరిద్రమంతా దక్షిణాదినుంచి వచ్చే యాత్రికులు పక్కచుట్టల్లో మోసుకొస్తున్నారట. మావ అంతా విన్నాడు.

"అలగయితే ఆల్లతోనే మల్లీ అంపించీండి బాబూ" అన్నాడు.

గుమాస్తా కొంచెంసేపు ఆలోచించాడు. ఇన్నేళ్ళుగా తను చేస్తున్నది అదేనని అతనికి అప్పుడు తట్టి ఉంటుంది. తర్వాత నోరు మూసుకుని బల్లలన్నీ బయట వేయించాడు. బల్లలకి గోడవైపున్న అంచుల్లో, చెక్క పగిలిన సందుల్లో, నల్లులు తరతరాలుగా కాపరం చేస్తున్నాయి. వాటికి జగన్నాథం ఎటువైపో కూడా తెలీదు.

టెక్కలిలో ఒక షావుకారు మమ్మల్ని పిలవడం డబ్బు దండగ అనుకున్నాడు. తన పందిరిమంచానికి తనే కిరసనాయిలు పట్టించాడు. బాగానే పట్టించాడు, సందు వదలకుండా. తర్వాత అలిసిపోయి ఆ మంచం మీదే కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు. మేం వెళ్ళేసరికి ఆయన అరుగు మీద ఉన్నాడు, పంచె సగం ఉంది. నల్లులు చచ్చాయా అని మావ అడిగాడు. చచ్చాయని ఆయన ఒప్పుకున్నాడు.

ఇలాంటివి ఎన్నయినా ఉన్నాయి. పెళ్ళిళ్ళలో చెప్పుకుని నవ్వుకోవడానికి పనికొస్తాయి. పని నేర్పేది మాత్రం ఇవి కావు.

అచ్చొచ్చిన మంచం

మావ పోయాక నేనొక్కణ్ణే తిరిగేవాణ్ణి. బారువ దాటాక సముద్రం ఒడ్డున ఒక జాలరి ఊరు. పేరు రాయను. ఆ ఇళ్ళలో మనవలున్నారు, సంబంధాలు వెతుక్కుంటున్నారు.

ఆ ఏడు ఆ ఊరినుంచి వరసగా కబుర్లు వచ్చాయి. వెళ్ళి చూస్తే నాకు ఏమీ అర్థం కాలేదు. నల్లి నడిచే పురుగు, దానికి రెక్కల్లేవు. ఒకింట్లో పడితే గోడ పట్టుకుని పక్కింటికి పోతుంది, అక్కణ్ణించి ఆ పక్కింటికి. ఇక్కడ అలా లేదు. ఒడ్డునున్న ఇంట్లో ఉన్నాయి, మధ్యలో ఎవరింట్లోనూ లేవు, మళ్ళీ ఊరి అవతల కొబ్బరితోట పక్కనున్న ఇంట్లో ఉన్నాయి. అంటే ఎవరో మోస్తున్నారు. ఏ ఇంట్లో అడిగినా మేం ఎక్కడికీ పోలేదు, మా ఇంటికి ఎవరూ రాలేదు అంటారు. మావ చెప్పిన విద్య నాకు ఎంతమాత్రం వచ్చిందో అక్కడ తెలిసింది.

చివరికి నోరున్నవాళ్ళెవరూ చెప్పలేదు. పట్టిన ప్రతి ఇంట్లోనూ వాసానికి చీర ఉయ్యాల కట్టి ఉంది. పట్టని ఇళ్ళలో లేదు. అంటే పురుడు జరిగిన ఇళ్ళకే పట్టాయి.

ఆ ఊళ్ళో ఒక పురిటి మంచం ఉంది. గున్నమ్మ అనే ముసలామెది. పాత పడవ చెక్కతో చేసిన పట్టెలు, కొబ్బరి పీచు నులక. ఆ ఊళ్ళో పురిటి బిడ్డలు వరసగా పోయిన కాలం ఒకటి ఉందట. అప్పుడు గున్నమ్మ కన్న బిడ్డలూ, ఆ మంచం అడిగి తెచ్చుకుని కన్నవాళ్ళ బిడ్డలూ మాత్రం దక్కారట. అప్పటినుంచి ఏ ఇంట్లో నెలలు నిండినా ముందు గున్నమ్మ వాకిట్లోకి వెళ్ళి ఆ మంచం అడుగుతారు. ఇద్దరు మగాళ్ళు తలమీద పెట్టుకుని తెస్తారు. పురుడు స్నానం అయ్యాక దానిమీద పసుపు నీళ్ళు చిలకరించి, తర్వాతి ఇంటికి ఎత్తుకుపోతారు. నులక విప్పకూడదు, ఎండలో వెయ్యకూడదు, వేడినీళ్ళు తగలకూడదు. తగిలితే దాని చలవ పోతుంది. పసుపు నీళ్ళకి నల్లులు చావవు, పచ్చగా తిరుగుతాయి.

నేను గున్నమ్మ దగ్గరకి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని అడ్డచుట్ట కాలుస్తోంది. మా వైపు ఆడవాళ్ళు నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని కాలుస్తారు. దానివల్ల ఎదటివాడు చెప్పేదంతా నోరు మూసుకుని వినాలి. వింది.

"అప్పా, ఆ మంచం ఒక్క పూట నాకియ్యి. నులక ఇప్పి, ఉడకబెట్టి, మల్లీ ఉన్నదున్నట్టు అల్లి ఇచ్చేత్తాను. ఊళ్ళో నల్లులన్నీ దాన్లోంచే వత్తన్నాయి."

ఆవిడ చుట్ట బయటికి తీసింది. "దాని మీద నువ్వు కన్నావేటి?"

"నేదు."

"కన్నోలు వొచ్చి అడగమను. ఇత్తాను." చుట్ట మళ్ళీ లోపలికి పోయింది.

అంతే. మూర్ఖపు ముసల్ది అనుకుంటూ ఎండలో నడిచాను. ఇప్పుడు అలా అనుకోను. అది ఆవిడ మంచం కాదు, దాని మీద కన్నవాళ్ళందరిదీ. వాళ్ళలో ఒక్కరూ వచ్చి అడగలేదు.

తడక అవతల మనిషి

తర్వాత నీలమ్మ ఇంటినుంచి కబురొచ్చింది. అదే ఊరు, ఒడ్డుకి దగ్గర ఇల్లు. ఆమె కూతురు రాములమ్మ పురిటికి పుట్టింటికి వచ్చింది. గున్నమ్మ మంచం మీదే ఆడపిల్ల పుట్టింది. పురిటి గదికి తాటాకు తడకే తలుపు. మగవాణ్ణి, పైగా బయటివాణ్ణి, నేను లోపలికి పోకూడదు. రాములమ్మని నేను చూడలేదు. ఆ పని మొదలుపెట్టిన దగ్గర్నుంచి ముగిసేదాకా ఆమె నాకు ఒక గొంతు, అంతే.

నీలమ్మ కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. "పుట్టిన కాడ్నించి కునుకు నేదు నాయనా. ఒకటే ఏడుపు. ఒల్లంతా దద్దుర్లు. పాలు నోట్లో ఎట్టుకుని ఒగ్గేత్తంది, మల్లీ ఏడుత్తంది. ఇలగయితే ఆ గుంట నిలుత్తాదేటి?"

"ఆ మంచం తీసీసి సాప ఏసీ అప్పా."

"నాను ఏత్తానన్నాను. అది ఎయ్యనిత్తాదేటి? నువ్వే అడుగు."

తడక దగ్గరగా వెళ్ళి కూర్చున్నాను. లోపల పసిబిడ్డ ఏడుస్తోంది. గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"నులక ఇప్పుతావేటి మావా?" అంది రాములమ్మ, నేను నోరు విప్పకముందే.

"ఇప్పితే బేగి అయిపోద్దమ్మా."

"అయితే ఎలిపో."

నేను లేవలేదు. కాసేపటికి ఆమే చెప్పింది. అంతకు ముందు ఇద్దర్ని కన్నదట. రెండుసార్లూ ఈ మంచం దొరకలేదు, వేరే ఇంట్లో పురుడు నడుస్తోంది. చాప మీద కంది.

"ఇద్దరూ ఏడవనేదు మావా. మంత్రసాని కాళ్ళట్టుకుని తలకిందులు సేసింది. ఈపు మీద సరిసింది. ఏడవనేదు. ఒల్లు ఎచ్చగానే ఉంది, మొకం బాగానే ఉంది. ఏడవనేదు, అంతే." గొంతు మామూలుగానే ఉంది, సంతలో ఏం కొన్నదీ చెప్పినట్టు. "ఇది పుట్టీ పుట్టగానే ఏడిసింది. ఇంకా ఏడుత్తంది. మా అమ్మకి సెవిపోటు గాని నాకు కాదు. ఏడిత్తే ఉన్నట్టు."

"ఉన్నట్టేనమ్మా. గానీ పాలు తాగకపోతే ఎలగ?"

దానికి జవాబు బిడ్డే చెప్తూ ఉంది.

"నులక ఇప్పకండ సేత్తావా?" అంది రాములమ్మ. "ముడి కూడా ముట్టుకోకండ?"

చేస్తానన్నాను. ఎలా చెయ్యాలో నాకు అప్పటికి తెలీదు. ఈ పనిలో ముందు ఒప్పుకుని తర్వాత ఆలోచించే సందర్భాలు వస్తాయి, మీకూ వస్తాయి. భయపడకండి గాని, మొహం మీద తెలియనివ్వకండి.

పీచు

గంధకం పొగ పెట్టలేను, లోపల పసిబిడ్డ ఉంది. కిరసనాయిలు పట్టించలేను, మంచం తల్లీబిడ్డా దిగరు. వేడినీళ్ళు కూడదు, ఎండ కూడదు. నాకు వచ్చినవన్నీ లెక్కలోంచి పోయాయి. ఒడ్డుకి పోయి పడవ నీడన కూర్చున్నాను.

ఉద్దానంలో ఎటు చూసినా కొబ్బరి పీచే. అక్కడా ఒక కుప్ప ఉంది. దాన్ని చూస్తూ ఉంటే ఒక సంగతి జ్ఞాపకం వచ్చింది. పీచు వలిచేవాళ్ళ పాకల్లో పనికి వెళ్ళినప్పుడు, తెల్లారి చూస్తే మంచంలో కంటే పక్కన పడేసిన పీచు కట్టల్లో ఎక్కువ నల్లులు ఉండేవి. మావ అది చూసి కట్టలు తగలబెట్టించేవాడు, నేనూ అదే చేసేవాణ్ణి. ఎందుకు అక్కడ చేరాయని ఇద్దరం ఎప్పుడూ ఆలోచించలేదు. నల్లికి రాత్రి మనిషి కావాలి, తెల్లారితే ఇరుకు కావాలి. పాత నులక కంటే ఎండు పీచు ఇరుకు.

నీలమ్మకి చెప్పాను. సాయంత్రం పీచుని గుప్పెడు లావున కట్టలు కట్టి, మంచం మీద చాప కింద, పట్టెల పక్కన, తలవైపూ కాళ్ళవైపూ పెట్టాలి. తెల్లారాక కర్రతో ఒక్కొక్కటీ మెల్లిగా లాగి తడక కిందనుంచి నాకు తోసెయ్యాలి. నేను వాకిట్లో కాగు నిండా నీళ్ళు మరిగించి వాటిని అందులో ముంచుతాను. మళ్ళీ సాయంత్రం కొత్త పీచు. గోడల్లో ఉన్నవి పైకెక్కకుండా మంచం కోళ్ళ కింద నాలుగు మూకుళ్ళు, వాటినిండా నీళ్ళు. ముడి ముట్టుకోనక్కర్లేదు.

"ఇదేటి వైద్యం నాయనా" అంది నీలమ్మ. నాకూ ఆ అనుమానం ఉంది.

మొదటిరోజు కట్టలు నీళ్ళలో వేస్తే కాగు పైన నల్లటి తెట్టు కట్టింది. నీలమ్మ వంగి చూసి, వెనక్కి వెళ్ళి గోడపక్కన కూర్చుంది. అన్ని ఉంటాయని ఆవిడ అనుకోలేదు. నేనూ అనుకోలేదు, కానీ తల ఊపాను. బయటివాడు చెయ్యగలిగింది అదే.

అలా రోజూ. దారినపోయేవాళ్ళు కాగు చూసి ఏం వండుతున్నావు మావా అనేవారు. ఉలవలు అనేవాణ్ణి. మధ్యాహ్నం సముద్రంలో మునిగి మైల వదిలించుకుని, పడవ నీడన అన్నం తిని అక్కడే ఉండిపోయేవాణ్ణి. రోజురోజుకీ తెట్టు పలచబడింది. బిడ్డ ఒంటిమీద దద్దుర్లు ఎండుతున్నాయని నీలమ్మ చెప్పింది. ఏడుపు మధ్యలో కాస్త కాస్త ఆగేది, పాలు పట్టినంతసేపు. రాములమ్మ నాతో మాట్లాడేది కాదు. తడక అవతల బిడ్డకి ఏవో కబుర్లు చెప్తూ ఉండేది, అది వినిపించుకోకుండా ఏడుస్తూ ఉండేది.

ఈ పీచు పద్ధతి తర్వాత చాలా ఇళ్ళలో చేశాను. నాకు మంచి పేరు తెచ్చింది. మీరూ చెయ్యండి. ఒక్క పూటలో అవుతుందని ఎవరికైనా చెప్పారంటే మాత్రం తన్నులు తింటారు.

ఏడవని పూట

ఒకరోజు పొద్దున్న కట్టలు ముంచితే నీళ్ళు తేటగా ఉన్నాయి. ఇంకోసారి ముంచాను. పీచు రంగు దిగింది, అంతే. పనికొచ్చిన పని చేసినప్పుడు మనిషికి కాస్త గర్వం వస్తుంది. నాకూ వచ్చింది, దాచుకోను.

మధ్యాహ్నానికి ఇల్లు చప్పుడు లేకుండా అయిపోయింది. సముద్రం హోరు వినిపించింది. ఆ వాకిట్లో ఇన్నాళ్ళూ కూర్చున్నాను గాని ఆ హోరు వినడం అదే మొదలు. నీలమ్మ బయటికొచ్చి చెంగుతో మొహం తుడుచుకుంది. "పడుకుంది. గుంట పడుకుంది నాయనా. పడవలొచ్చే ఏల, నానెల్లి సేపలట్టుకొత్తాను" అని గంప నెత్తిన పెట్టుకుని ఒడ్డుకి వెళ్ళింది. నేను కాగు కింద నిప్పు చల్లార్చబోతున్నాను.

"మావా."

"ఏటమ్మా."

"ఏడవట్నేదు."

"పడుకుందమ్మా. కుట్టేవి నేవు కదా, అందుకని పడుకుంది."

"ముక్కు కాడ ఏలెట్టినాను. ఊపిరాడతంది."

"మరింకేటి?"

"నాను ఏలు తీసేత్తే ఆడతాదా మావా?" అంది.

ఏ జవాబు చెప్పినా అది నేను ఊహించి చెప్పిందే అవుతుంది. "కాస్త లేపి సూడమ్మా" అన్నాను.

"అరికాలు గిల్లినాను. మూతి ముడిసి మల్లీ పడుకుంది." ఆమె ఊపిరి తీసుకోవడం నాకు తడకలోంచి వినిపిస్తోంది. "నీ కాడ ఉన్నాయి కదా. ఒకటియ్యి."

"ఏటి?"

"నల్లి. ఒక్కటి సాలు మావా. ఒక్కపాలి కుడితే ఏడుత్తాది. నాను ఇంతాను. ఇని, ఎంటనే నానే సంపేత్తాను."

నవ్వకండి. నేను నవ్వలేదు. లేచి వెతికాను. ముంచకుండా మిగిలిన కట్ట ఒకటుంది, దాన్ని చాటలో విప్పి పోగు పోగు విడదీసి చూశాను. రాత్రి కట్టలకి చుట్టిన తాడు విప్పి చూశాను. నా పంచె మడతలు దులుపుకుని చూశాను. ఎన్ని ఇళ్ళలో ఎన్ని చంపానో, ఆ పూట ఒక్కటి బతికుంటే చాలునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ఒక్కటీ లేదు.

"నేదమ్మా. ఒక్కటీ నేదు."

"అబద్దం."

"ఒట్టు."

అప్పుడు ఆమె ఏడ్చింది. బిడ్డ లేస్తుందేమోనని ఎవరైనా నోరు నొక్కుకుని ఏడుస్తారు. ఆమె నొక్కుకోలేదు. లేవాలనే ఏడ్చింది. బిడ్డ లేవలేదు. లోపలికి పోయి ఆ బిడ్డని ఎత్తి చూద్దామా అనిపించింది. మైల అడ్డం కాదు, స్నానం చేస్తే పోతుంది. చూస్తే ఏం కనిపిస్తుందో అని భయమేసింది.

తడకకి వీపు ఆనించి కూర్చున్నాను. "మాటాడతా ఉండు మావా" అంది. ఏం మాట్లాడను, నాకు తెలిసిందల్లా నల్లులే. అవి గుడ్లు ఎక్కడ పెడతాయో చెప్పాను. తిండి లేకపోయినా ఎన్నాళ్ళు బతుకుతాయో చెప్పాను. ఆమె ఊఁ కొట్టింది. మధ్యమధ్యలో "ఆడతంది" అనేది. నేను మళ్ళీ మొదలుపెట్టేవాణ్ణి. నాకు తెలిసిందంతా అయిపోయింది. చెప్పిందే మళ్ళీ చెప్పాను.

ఇంటి నీడ వాకిలి దాటాక బిడ్డ కదిలింది. ముందు చిన్నగా మూలిగింది. తర్వాత నోరు తెరిచి ఏడ్చింది. దద్దుర్ల ఏడుపు కాదది, గట్టిగా, అధికారంగా, ఆకలికి. "ఏడు నాయమ్మా, ఏడు" అంది రాములమ్మ. వెంటనే పాలివ్వలేదు. కాసేపు ఏడవనిచ్చింది.

అదే సమయానికి నీలమ్మ గంపతో వచ్చింది. "మల్లీ మొదలెట్టిందేటి? ఇంకా పోనేదా అవి?"

"పోయాయప్పా. ఇది ఆకలి" అన్నాను. నిప్పు చల్లార్చి కాగు బోర్లించబోయాను.

"నేదమ్మా" అంది రాములమ్మ లోపలినుంచి. "ఇంకా ఉన్నాయి. నాను సూసినాను. మావని రేపు కూడా రమ్మను."

నీలమ్మ నావైపు చూసింది, పని చేతగానివాణ్ణి చూసినట్టు. నేను తలవంచుకుని, ఉన్నాయి, వస్తానన్నాను. ఆ ఊళ్ళో నా పని అంత బాగా ఉండదని చాలాకాలం చెప్పుకున్నారు.

మర్నాడు వెళ్ళాను. కాగు పొయ్యి మీద పెట్టి నీళ్ళు మరిగించాను. అందులో ముంచడానికి ఏమీ లేదు. తడకకి వీపు ఆనించి కూర్చున్నాను. బిడ్డ పడుకుంటే "ఆడతంది" అని లోపలినుంచి వినిపించేది, నేను ఊఁ అనేవాణ్ణి. పురుడు స్నానం అయ్యేదాకా రోజూ వెళ్ళి నీళ్ళు మరిగించాను.